‘ఫైన్’ అన్నారా? ఏ ఫైన్?

ఆగస్టు వచ్చిందంటే అమలాపురం, రాజోలు వైపు ఊళ్లలో ప్రయాణాల హడావిడి మొదలవుతుంది. ఆవకాయ డబ్బాలకు టేపు చుట్టడం, పెట్టెను పదిసార్లు తూచడం, బరువు దాటితే ఏది తీసెయ్యాలో తేలక తల్లీ కొడుకులు వాదులాడుకోవడం. ఇంగ్లండులో కొన్నేళ్లు ఉండి వచ్చినవాణ్ణి కనుక, వెళ్లే పిల్లలు మా అరుగు మీద కూడా కాసేపు కూర్చుని వెళతారు. చలికోటు ఎక్కడ కొనాలి, మన బియ్యం ఎక్కడ దొరుకుతాయి అని అడుగుతారు. అవి ఎవరైనా చెబుతారు. నేను మాత్రం ఒక్క మాట గురించి చెప్పి పంపుతాను. ఆ మాట ‘ఫైన్’.

చిన్న తరగతుల్లోనే నేర్చుకున్న మాట కదా అని నవ్వుతారు. చిక్కంతా అక్కడే ఉంది. మన గోదావరి వాళ్లకు ‘ఆయ్’ ఉంది. అవునన్నా ఆయ్, అలాగేనండి అన్నా ఆయ్, వింటున్నాను చెప్పండి అన్నా ఆయ్. మీ మాట నమ్మడం లేదు గానీ పెద్దవారని ఊరుకుంటున్నాను అన్నా ఆయ్. పలికిన తీరును బట్టి మనకు తెలిసిపోతుంది. వేరే ప్రాంతం నుంచి వచ్చిన కొత్త అల్లుడికి తెలియదు. ఫైన్ విషయంలో అక్కడ మీరే ఆ కొత్త అల్లుడు.

నేను వెళ్లిన మొదటి వారంలో ఆఫీసులో పనిచేసే ఒకాయన ఇంటికి భోజనానికి పిలిచాడు. ఉడికించిన బంగాళాదుంపలు, చేప. ఇంకొంచెం వడ్డించనా అని ఆయన భార్య అడిగింది. ఆకలి దహించుకుపోతున్నా ‘ఐ యామ్ ఫైన్’ అన్నాను. నా లెక్క ప్రకారం అది మొహమాటానికి అనే మొదటి మాట. మన ఇళ్లలో వద్దండీ అంటే ఎవరు వింటారు? విస్తరికి చేయి అడ్డం పెట్టినా వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసేస్తారు. మూడోసారి వద్దంటే గానీ వద్దన్నట్టు కాదు. ఆవిడ మాత్రం చిరునవ్వుతో గిన్నె మూత పెట్టి లోపలికి తీసుకెళ్లిపోయింది. ఆ రాత్రి గదికి వచ్చి అమ్మ కట్టిచ్చిన జంతికలు సగం ఖాళీ చేశాను. ‘తింటారా’ అన్నప్పుడు ఆ మాట అన్నారంటే ‘వద్దు, చాలు’ అని అర్థం. రెండోసారి అడగరు. కావాలంటే ‘యెస్ ప్లీజ్’ అనేయండి, తప్పేమీ లేదు.

దీనికి తోబుట్టువు మరొకటి ఉంది. నాతో ఇల్లు పంచుకున్న కుర్రాడిని, ఎండు రొయ్యలు వేయించుకుంటాను, ఇబ్బందా అని అడిగాను. ‘ఫైన్’ అన్నాడు. అంతే. ముందు ఇంకో మాట లేదు, వెనక నవ్వు లేదు. నేను హాయిగా మూకుడు పెట్టాను. నాలుగో రోజున ఇంటి యజమాని నుంచి కబురు వచ్చింది. అప్పుడు తెలిసింది, ‘దట్స్ ఫైన్’ అని మెత్తగా అంటే పరవాలేదని అర్థం. ఒంటరిగా, పొట్టిగా, తలుపు వేసినట్టు ‘ఫైన్’ అంటే, ‘సరే, నీ ఇష్టం, తర్వాత చూసుకుందాం’ అని. మన ఇళ్లలో కోపంగా ఉన్నవాళ్లు ‘అలాగే కానివ్వండి’ అనడం విన్నారు కదా, అదే ఇది.

ఇక మెప్పు సంగతి. మీరు రాసిచ్చిన నివేదిక ఫైన్ అని పై అధికారి అంటే పొంగిపోకండి. అవి పాసు మార్కులే. ‘గుడ్’ దానికంటే మెరుగు, ‘ఎక్సలెంట్’ ఇంకా మెరుగు. అలాగని ప్రతిచోటా ఈ మాట పాసు మార్కులే అనుకుంటే నాలాగే పొరబడతారు. ఒకసారి సెలవులకు వచ్చి వెళుతూ ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్లాను. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మిఠాయి అది. అప్పటికి ఆ గుర్తింపు లేకపోయినా రుచి ఉంది. ఆఫీసులో ఒకావిడ చేతికిస్తే, చుట్టూ ఉన్నది కాగితమనుకుని గోటితో ఒలవబోయింది. అది బియ్యప్పిండి రేకేనని, బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలుచటి పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద అలా పరిచి తీస్తే వచ్చేదని చెప్పాను. ఆవిడ దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని ‘సో ఫైన్’ అంది. నాకు చివుక్కుమంది, ఇంత దూరం మోసుకొస్తే పరవాలేదంటుందా అని. తర్వాత తెలిసింది, ఆవిడ అన్నది సన్నదనం గురించి, పనితనం గురించి. మన నరసాపురం లేసులో దారం ఎంత సన్నమో చూసి అనే మాట కూడా అదే. మనవాళ్లు ఫైన్ ఆర్ట్స్‌ను లలిత కళలన్నారు. ఎవరన్నారో గానీ సరిగ్గా పట్టుకున్నారు.

డాక్టరు దగ్గర మాత్రం ఈ మాట నోట రానివ్వకండి. ఎలా ఉన్నారని అడగ్గానే అలవాటుకొద్దీ ఫైన్ అనేస్తాం. అక్కడ చూసేది సుమారు పది నిమిషాలు. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లుగా, రాత్రి నిద్ర పడుతోందా లేదా, అవి ముందు చెప్పండి.

జరిమానా కూడా ఫైనే. అదీ ఇదీ ఒకటే మాట ఎలా అయ్యాయని ఒక కుర్రాడు అడిగాడు. రెండూ లాటిన్‌లో ముగింపు అని అర్థమిచ్చే ‘ఫినిస్’ నుంచే వచ్చాయి. తగవు ముగించడానికి కట్టే సొమ్ము ఒకటి, చివరిదాకా తీర్చిదిద్దిన పని మరొకటి. తమాషా ఏమిటంటే, కారు అద్దానికి అంటించే కాగితం మీద ఫైన్ అనే మాటే ఉండకపోవచ్చు. ఇంగ్లండులో పురపాలకులు ఇచ్చేది పెనాల్టీ ఛార్జ్ నోటీస్. పద్నాలుగు రోజుల్లో కడితే మామూలుగా సగం సొమ్ముతో పోతుంది. ప్రైవేటు స్థలం వాళ్లు ఇచ్చేది పార్కింగ్ ఛార్జ్ నోటీస్. పొడి అక్షరాలు రెంటికీ పీసీఎన్నే. రెండోది చట్టం వేసిన జరిమానా కాదు, ఒప్పందం తప్పారని అడిగే సొమ్ము. అయినా చించి పారేయకండి, కోర్టుదాకా వెళ్లగలరు. అభ్యంతరం ఉంటే గడువులోగా రాసి పంపండి. అమెరికా వెళ్లేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోండి, అక్కడ పోలీసు ‘టికెట్’ ఇచ్చాడంటే సినిమాకు కాదు.

చివరిది, ఇంటి ఒప్పందంలోని ఫైన్ ప్రింట్. అంటే చీమల బారులాంటి సన్న అక్షరాలు. ఇంగ్లండులో ఏడాది అద్దె యాభై వేల పౌండ్ల లోపైతే అడ్వాన్సు ఐదు వారాల అద్దెకు మించి తీసుకోకూడదు. 2019 నాటి చట్టం అది. మామూలు అద్దె ఇళ్లకు ఆ సొమ్మును ముప్పై రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన పథకంలో భద్రపరచాలి. ఏ పథకంలో వేశారో కాగితం అడిగి తీసుకోండి. చేరిన రోజే గోడల మరకలు, తివాచీ మీది మచ్చలు, వంటగది పొయ్యి అన్నీ ఫోటోలు తీసి యజమానికి పంపండి. అన్నీ బాగున్నాయా అని ఆయన అడిగితే ఏం జవాబివ్వకూడదో మీకు తెలుసు.