కొత్త బండిని చదవడం, మూడో పాఠం: సోమవారం బండి, నెలాఖరు బండి

పోయిన పాఠంలో చాసిస్ నంబరు ఎక్కడుంటుందో చూశాం, ఆ 17 అక్షరాల్లో ఐ, ఓ, క్యూ ఎందుకు ఉండవో కూడా (1, 0 అంకెలతో కలిసిపోతాయని). ఈసారి పుకార్ల పని పడదాం.

మన శ్రీకాకుళంలో ఎవరైనా కొత్త బండి కొని, అరసవల్లి తీసుకెళ్లి పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చేసరికి వీధిలో ఒక పెద్దాయన తయారుగా ఉంటాడు. "ఏటీ, నెలాఖర్లో తయారైన బండా? టార్గెట్ కోసం గబగబా బిగించేసుంటార్రా." పక్కాయన ఇంకో అడుగు ముందుకేస్తాడు: "సోమవారం బండి అసలు తీసుకోకూడదు, ఆదివారం మత్తు దిగకుండానే లైన్లోకొస్తారు." ఇద్దరికీ సాక్షి ఒకడే, "మావోడు చెన్నైలో బళ్ల కంపెనీలోనే చేస్తన్నాడు".

ఆ కుర్రాడు అబద్ధం చెప్పడు. మన జిల్లా కుర్రాళ్లు శ్రీపెరంబుదూరు, ఒరగడం, శ్రీసిటీ వైపు చాలామందే పనిచేస్తున్నారు, కష్టపడి చేస్తున్నారు. కాకపోతే అసెంబ్లీ లైన్ అంటేనే పనిని ముక్కలు చేయడం. 1913లో ఫోర్డ్ హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో లైన్‌ని కదిలించినప్పటి నుంచీ అంతే. అంతకుముందు ఒక కారు చాసిస్ (అడుగు చట్రం) కూర్చడానికి పన్నెండు గంటలకు పైగా పట్టేది, కదిలే లైన్ వచ్చాక గంటన్నరకు దిగింది. ఎలా దిగిందంటే, ఒక్కో మనిషికి ఒక్కో చిన్న పని ఇచ్చేశారు కాబట్టి. ఇప్పుడు పెద్ద ఫ్యాక్టరీల్లో ఒక స్టేషన్ దగ్గర బండి నిలిచేది ఇంచుమించు ఒక నిమిషం. తలుపు రబ్బరు వేసేవాడికి ఇంజిన్ సంగతి తెలియదు. అందుకని ఆ కుర్రాడు పండక్కి వస్తే "బండి మంచిదేనా" అని అడగకండి. "నీ స్టేషన్లో ఏం బిగిస్తావు, బోల్టు సరిగ్గా బిగుసుకోకపోతే ఏమవుతుంది" అని అడగండి. ముఖ్యమైన బోల్టులు బిగించే మిషన్ బిగువును తనే కొలుచుకుంటుందనీ, చాలకపోతే ఎర్ర లైటు వెలుగుతుందనీ, కొన్ని చోట్ల లైనే ఆగిపోతుందనీ వాడే చెప్తాడు. వాడి మాటకు విలువ అక్కడుంది.

ఇక సోమవారం సంగతి. అసలు బండి ఒక్క రోజులో పుట్టదు. రేకు నొక్కడం ఒక షాపులో, వెల్డింగ్ ఇంకో షాపులో, తర్వాత రంగు తొట్టెలు, ఓవెన్లు, రంగు ఆరిన బాడీలు వరసలో ఎదురుచూసే చోటు, ఆ తర్వాతే అసెంబ్లీ. కారుకి ఒక రోజు దాటిపోవడం మామూలే. పైగా టైర్లు, సీట్లు, లైట్లు, వైరింగ్ చాలావరకు బయట కంపెనీల నుంచి వస్తాయి, వాటిలో కొన్ని వారాల ముందే తయారై ఉంటాయి. ఇందులో ఏది సోమవారం?

నమ్మబుద్ధి కాకపోతే మీ బైకు దగ్గరికే వెళ్దాం. సీటు తీసి తిరగేయండి. లేదా సైడ్ ప్యానెల్ విప్పి లోపలి వైపు చూడండి. ప్లాస్టిక్‌లో రూపాయి బిళ్ల కంటే చిన్న గుండ్రటి అచ్చు కనబడుతుంది, గడియారంలాగా చుట్టూ 1 నుంచి 12 దాకా అంకెలు, మధ్యలో బాణం గుర్తు, బాణానికి అటొకటి ఇటొకటి రెండంకెలు. బాణం చూపించేది నెల, మధ్యలోవి సంవత్సరం. బాణం 7 మీద ఉండి అటూ ఇటూ 2, 4 ఉంటే ఆ ముక్క 2024 జూలైలో అచ్చులోంచి బయటపడిందన్నమాట. దుమ్ము పట్టి ఉంటే సెల్ టార్చ్ ఏటవాలుగా వేయండి, నేరుగా వేస్తే కనబడదు. అన్ని ముక్కల మీదా ఉండదు, కంగారు పడొద్దు. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు వేరే లెక్క: 2324 అంటే 2024లో 23వ వారం. ఒక వైపు లేకపోతే రెండో వైపు చూడండి. కారైతే సీటు బెల్టు కింది చివర లేబుల్ మీద కూడా తేదీ ఉంటుంది. కారు కిటికీ అద్దాల మీద తయారీ తేదీకి వేసే చుక్కల లెక్క కంపెనీని బట్టి మారుతుంది, దాని జోలికి ఇప్పుడు పోవద్దు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, పక్కన ఆర్‌సీలో ఉన్న తయారీ నెల రాయండి. కొత్త బండైతే షోరూం ఇచ్చే ఫారం 21 (అమ్మకం పత్రం)లో కూడా ఉంటుంది. ఇప్పుడు చూడండి, టైరుదొక నెల, సీటుదొక నెల, ప్యానెల్‌దొక నెల. భాగాలు బండి కంటే ముందు పుట్టి ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. బండి కంటే తర్వాత పుట్టిన భాగం ఉందంటే మాత్రం అది ఫ్యాక్టరీలో వేసింది కాదు, తర్వాత మార్చారు. మార్చి నెల బండికి మే నెల హెడ్‌లైట్ ఉందనుకోండి, దారిలో తగిలిందో, షోరూంలో పడేశారో, అడిగి తీరాలి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఇది ఇంకా పనికొస్తుంది (టైర్లు వదిలేయండి, అవి అరిగితే మారుస్తారు). పెద్దాయన పుకారు మీకు ఈ సంగతి ఎప్పటికీ చెప్పదు.

నెలాఖరు హడావుడి అబద్ధమని నేననను. కాకపోతే నా లెక్కలో దాన్ని వెతకాల్సింది షోరూంలో. నెల టార్గెట్, దసరా, ధన్‌తేరస్ రద్దీ, ఒకే రోజు అన్ని డెలివరీలు. బండి ఇచ్చే ముందు చేయాల్సిన చెకింగ్ కాగితం మీద టిక్కులతోనే అయిపోయే ప్రమాదం అక్కడే ఎక్కువ. కాబట్టి తయారీ తేదీ గురించి టెన్షన్ మానేసి, వీలైతే డెలివరీ నెల మధ్యలో తీసుకోండి, ఆ చెకింగ్ మీ ఎదురుగా చేయమనండి.

ఇంకో పుకారు: "బోల్టు మీద రంగు గీత ఉందంటే బండి విప్పి బిగించారు." సరిగ్గా తిరగేసి చెప్తున్నారు. బిగువు సరిపోయిందని చూశాక వేసే గుర్తది. గీత బోల్టు తల మీంచి పక్క భాగం దాకా తిన్నగా సాగితే కదలలేదని, మధ్యలో విరిగితే తర్వాత ఎవరో తిప్పారని. బ్రేకు దగ్గరా ఇంజిన్ పట్టే బోల్టుల దగ్గరా చూడండి. వెనక చక్రం నట్టు దగ్గర గీత విరిగితే గొడవపడకండి, చైను బిగించినప్పుడు అది కదులుతుంది. బైకు సైడ్ అద్దాలు, బ్యాటరీ చాలావరకు షోరూంలోనే బిగిస్తారు, వాటినీ లెక్కలోకి తీసుకోవద్దు.

మీటరులో నాలుగైదు కిలోమీటర్లు ఉంటే పాతది అంటగట్టారనుకోనక్కర్లేదు. లైన్ నుంచి యార్డుకి, యార్డు నుంచి లారీకి, లారీ నుంచి షోరూంకి బండి నడవాలిగా. "కారుని నీళ్లలో ముంచుతారట" అన్నది మాత్రం నిజమే, తుప్పు పట్టకుండా మొదటి పూత వేయడానికి ఉత్త బాడీని తొట్టెలో ముంచుతారు. అప్పటికి అందులో సీటూ ఉండదు, వైరూ ఉండదు.

ఇంటి పని: మీ బండి మీద కనీసం అయిదు తేదీలు వెతికి నెలల వరసలో రాయండి. దొరక్కపోతే ఎయిర్ ఫిల్టర్ మూత, టూల్ బాక్స్ మూత లోపలి వైపు వెతకండి. కాగితం పారేయొద్దు, వచ్చే పాఠంలో రంగు తేడాని బట్టి మార్చిన ప్యానెల్‌ని ఎలా పట్టుకోవాలో చూస్తాం, అప్పుడు ఈ తేదీలు పక్కన పెట్టుకునే చూడాలి.