రిఫరీ పాఠాలు – 4: ‘సార్, బాల్‌కే తగిలింది సార్!’

పోయిన పాఠంలో ఎక్కడ నిలబడాలో, ఎటు పరిగెత్తాలో చూశాం. ఈసారి పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లోనూ లోకల్ టోర్నీల్లోనూ గొడవలన్నీ మొదలయ్యే చోటికి వద్దాం, అంటే ట్యాకిల్ దగ్గరికి, ఎదుటివాడి దగ్గర్నుంచి కాలితో బాల్ లాక్కునే చోటికి.

ముందుగా ఒక అపోహ వదిలించుకోండి. కాలు ముందు బాల్‌కి తగిలితే ఫౌల్ కాదని రూల్ బుక్‌లో ఎక్కడా లేదు. కోచ్‌లు, తల్లిదండ్రులు, ఆఖరికి ఏళ్ల తరబడి ఆడినవాళ్లు కూడా ఉందనే అనుకుంటారు. బాల్ ముందు తగలడం డిఫెండర్‌కి అనుకూలమైన విషయమే, కాదనను, కానీ ఆ తగిలించడానికి అవతలివాడి కాలు విరిగేలా వచ్చి ఉంటే దానివల్ల ఏమీ మాఫీ కాదు.

ఫౌళ్ల గురించి చెప్పే పన్నెండో నియమం మనల్ని అడిగే ప్రశ్న వేరు: ఎలా వచ్చాడు? దానికి మూడు మెట్లు. చూసుకోకుండా, అజాగ్రత్తగా వస్తే ఫ్రీ కిక్ ఇస్తే చాలు, కార్డు అక్కర్లేదు. ఎదుటివాడికి ఏమైతే నాకేంటి అన్నట్టు వస్తే ఎల్లో కార్డు, అంటే హెచ్చరిక. అవసరానికి మించిన బలం వాడితే, లేదా ఎదుటివాడి ఒంటికి ప్రమాదం తెస్తే రెడ్, అంటే ఆట నుంచి బయటికే. ‘కావాలని చేశాడా’ అన్న మాట ఈ మూడింటిలో ఎక్కడా లేదు, అందుకే ‘కావాలని చేయలేదు సార్’ అని పిల్లాడు ఏడుపు మొహం పెట్టినా, అది నిజమే అయినా, నిర్ణయం మారదు.

ఒక ట్యాకిల్‌ని దగ్గరగా చూద్దాం. గ్రౌండ్ తడిగా ఉంది. వింగర్, అంటే అంచు వెంబడి దాడి చేసేవాడు, బాల్‌ని పక్కకి నెట్టి ముందుకు పరిగెత్తాడు. డిఫెండర్ నాలుగడుగుల దూరం నుంచి జారుతూ వచ్చి బొటనవేలితో బాల్‌ని లైన్ అవతలికి కొట్టాడు, అంతవరకు బ్రహ్మాండం, కానీ జారుడు ఆగలేదు, వెనకాల వస్తున్న రెండో కాలు వింగర్ చీలమండని కోసుకుంటూ పోయింది. అందరి కళ్లూ బాల్ మీదే ఉంటాయి. మీ కళ్లు మాత్రం ఆ రెండో కాలి మీద ఉండాలి. మోకాలు వంగి ఉందా, కర్రలా బిగుసుకుని ఉందా? బూటు అడుగున ఉండే స్టడ్స్ నేలవైపు ఉన్నాయా, ఎదుటివాడి కాలివైపు చూస్తున్నాయా? తగిలింది పాదానికా, పిక్కకా? అనుకుంటే ఆగగలిగే వేగంలో ఉన్నాడా? మోకాలు వంగి, స్టడ్స్ కిందికి ఉంటే నేను ఫ్రీ కిక్‌తో సరిపెడతాను. కాలు బిగుసుకుని స్టడ్స్ పిక్కకి తగిలితే మాత్రం బాల్ ఎటు పోయిందన్నది నాకు అనవసరం, రెడ్డే.

పన్నెండు పదమూడేళ్ల పిల్లల్లో ఇంకో తిరకాసు ఉంది. కాళ్లు ఒక్కసారిగా పొడుగవుతాయి, వాటిని ఎక్కడ పెడుతున్నారో వాళ్లకే తెలీదు, దాంతో ట్యాకిల్ సగం సెకను లేటు. చాలావరకు అది మొదటి మెట్టే. అలాగని ‘చిన్నపిల్లలు కదా’ అని ప్రమాదకరమైనదాన్ని వదిలేస్తే రెండో హాఫ్‌లో అవతలి టీమ్ బదులు తీర్చుకుంటుంది. ఒక అండర్-14 మ్యాచ్‌లో నేను ఈ తప్పే చేశాను. ఆఖరి పది నిమిషాలూ ఆట కాదు, కుస్తీ.

ఇక అడ్వాంటేజ్, అంటే ఫౌల్ అయినా విజిల్ ఊదకుండా ఆట సాగనివ్వడం. ఫౌల్ అయినా బాల్ దెబ్బతిన్న టీమ్ దగ్గరే ఉంటే ఒకటి రెండు సెకన్లు ఆగండి. లాభం కనిపించకపోతే వెనక్కొచ్చి ఫ్రీ కిక్ ఇవ్వచ్చు. రెడ్ కార్డు ఫౌల్ అయితే, ఎదురుగా స్పష్టమైన గోల్ అవకాశం ఉంటే తప్ప, వెంటనే ఆపేయాలి. పిల్లల మ్యాచ్‌ల్లో అడ్వాంటేజ్ తక్కువగా ఇవ్వమనే నా సలహా, ఎందుకంటే దెబ్బ తగిలినవాడు ఆడే స్థితిలో ఉండడు, విజిల్ వినపడకపోతే మిగతావాళ్లు రెచ్చిపోతారు.

విజిల్ ఊదాక తప్పని తెలిస్తే? ఆట మళ్లీ మొదలుకాకముందైతే మార్చుకోవచ్చు, ఫౌలే లేదని తేలితే డ్రాప్ బాల్, అంటే మీరే బాల్‌ని నేలకి వదిలి ఆట మొదలుపెట్టాలి. మొదలయ్యాక మార్చడానికి లేదు. పెద్దవాళ్ల మ్యాచ్‌లో ఆఫ్‌సైడ్ మీద ఎంత అరిచినా ఇదే వర్తిస్తుంది, పైగా గీత దగ్గర జెండాతో సాయం చేసే లైన్స్‌మన్ లేకుండా ఒక్కరే ఉన్నప్పుడు మీరు అన్నీ చూడలేరు, ఆ సంగతి మ్యాచ్‌కి ముందే ఇద్దరు కెప్టెన్లకీ చెప్పేయండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

ఈ వారం పని: ఏదైనా మ్యాచ్ వీడియో సౌండ్ తీసేసి పెట్టుకోండి. ఇరవై ట్యాకిళ్లకి ఒక్కోదాని పక్కన ఫౌల్ లేదు, ఫ్రీ కిక్, ఎల్లో, రెడ్‌లలో ఏదో ఒకటి రాయండి, రీప్లే రాకముందే. తర్వాత సౌండ్ పెట్టి మళ్లీ చూసి, మీరు దేన్ని మార్చాలనుకున్నారో గుర్తు పెట్టుకోండి. నాకు మొదట్లో మారినవన్నీ ఆటగాడు గట్టిగా అరిచినవే.