తాతగారి ట్రంకు పెట్టెలో పాత రైఫిల్ తూటాలు దొరికితే ఏం చేయాలి?

పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కి ఇచ్చే ముందు సామాను సర్దుతుంటే అటక మీది ట్రంకు పెట్టెలో ఇత్తడి తూటాలు కనబడటం హైదరాబాద్‌లో వింతేమీ కాదు. జాగీర్దార్ల ఇళ్లలో, దేశ్‌ముఖుల బంగళాల్లో, అడవి శాఖలో పనిచేసిన పెద్దల ఇళ్లలో ఒకప్పుడు షికారు సామాను మామూలు విషయం. రైఫిల్‌ని ఎప్పుడో అమ్మేసి ఉంటారు, లేదా ఠాణాలో డిపాజిట్ చేసి ఉంటారు. తూటాలు మాత్రం ఉన్ని కోట్ల కింద, నాఫ్తలీన్ ఉండల మధ్య అలాగే ఉండిపోతాయి.

తుపాకీ లేదు కదా, ఉత్త తూటాలతో ఏమవుతుందిలే అనుకుంటారు చాలామంది. 1959 నాటి ఆయుధాల చట్టం అలా అనుకోదు. మూడో సెక్షన్ ప్రకారం తుపాకీకే కాదు, తూటా దగ్గర ఉంచుకోవడానికీ లైసెన్సు కావాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా ఉంచుకుంటే శిక్ష రెండేళ్ల నుంచి అయిదేళ్ల దాకా. పెట్టెలో ఏముందో తెలియనంత కాలం సంగతి వేరు. తెలిసి దగ్గర పెట్టుకున్నారా లేదా అన్నదే కోర్టులు చూస్తాయి. మూత తీసి చూశారంటే ఇక 'నాకు తెలియదు' అనడానికి లేదు. కాబట్టి కింద చెప్పేదంతా వారాల తరబడి కాకుండా ఒకటి రెండు రోజుల్లో ముగించే పనిగా చూడండి.

ముందు చేతులు వెనక్కి

పిల్లల్ని, పనివాళ్లని గదిలోంచి పంపేయండి. పెట్టెలో తుపాకీ కూడా ఉంటే అది నిండి ఉందనే అనుకోవాలి. ముట్టుకోవద్దు, ట్రిగ్గర్ జోలికి అసలు వెళ్లొద్దు, 'తెరిచి చూద్దాం' అనే బావమరిదిని ఆపండి. పెట్టె ఉన్నచోటే ఒక ఫొటో తీసుకోండి. ఆ ఫొటో మీ దగ్గరే ఉండాలి, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో కాదు.

ఏం దొరికిందో చూసి రాసుకోండి

గుండు, మందు, దెబ్బ తగలగానే ఆ మందుని అంటించే క్యాప్, ఇత్తడి గొట్టం, ఈ నాలుగూ కలిస్తే తూటా. అడుగు భాగం చూస్తే మధ్యలో చిన్న గుండ్రటి క్యాప్, దాని చుట్టూ చెక్కిన అక్షరాలు, అంకెలు ఉంటాయి. అదే తూటాకి ఆధార్ కార్డు. పాత షికారు తూటాల మీద తరచూ కనిపించే పేరు కైనాక్. బర్మింగ్‌హామ్ పక్కన విట్టన్‌లో తయారయ్యేవి. ఆ కంపెనీ వేట రైఫిళ్ల తూటాలు చేయడం 1970 ప్రాంతంలో ఆపేసింది, అంటే మీ చేతికి వచ్చినవి యాభై ఏళ్లు దాటినవే అయ్యుండొచ్చు. కె, ఎఫ్ అనే అక్షరాలుంటే అవి పుణె దగ్గరి ఖడ్కీ ఫ్యాక్టరీలో చేసినవి.

తర్వాత కొలత, అంటే తుపాకీ నాళం లోపలి వెడల్పు, సుమారుగా అంగుళాల్లో. .275 అని ఉంటే అది 7 మిల్లీమీటర్ల మౌజర్ తూటాకే ఇంగ్లండ్‌లో పెట్టిన పేరు. .375 అంటే 1912లో వచ్చిన హాలండ్ అండ్ హాలండ్ తూటా. .315 అయితే ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దేశవాళీ రైఫిల్‌ది కావచ్చు. .470 కనిపిస్తే దాని వెనక చిన్న చరిత్ర ఉంది. సైన్యంలోని మార్టినీ హెన్రీ తుపాకులు .450 కొలతవి. ఆ తూటాలు తిరుగుబాటుదారుల చేతికి చిక్కుతాయన్న భయంతో 20వ శతాబ్దం మొదటి దశాబ్దంలో బ్రిటిష్ ప్రభుత్వం భారత్‌లోకి .450 సరుకు రాకుండా ఆపింది. దాంతో లండన్ తుపాకీ కంపెనీలు .465, .470 లాంటి కొత్త కొలతలు తెచ్చాయి. .303 అని ఉంటే మాత్రం మరింత జాగ్రత్త. అది సైన్యం కొలత, మామూలు లైసెన్సు మీద ఇచ్చేది కాదు, నిషిద్ధ కోవలోకి వస్తే శిక్ష ఇంకా పెద్దది.

ఇక గుండు మొన. మొన దగ్గర బూడిద రంగు సీసం బయటికి కనిపిస్తుంటే అది సాఫ్ట్ నోస్. లోపలికి వెళ్లగానే మొన విచ్చుకుని వెడల్పవుతుంది. సాంబర్ (కణుజు), నీల్‌గాయ్ లాంటి పలుచని చర్మం జంతువులకు పాత షికారీలు ఇదే వాడేవారు. మొన దాకా లోహపు తొడుగు ఉంటే సాలిడ్. అడవిదున్న, ఏనుగు లాంటి మందపాటి చర్మం, పెద్ద ఎముక ఉన్నవాటికి. సాఫ్ట్ నోస్ పైపైనే విచ్చుకుని ఆగిపోతే గాయపడ్డ అడవిదున్న మనిషి మీదికే తిరుగుతుంది, అందుకే ఆ తేడాని అంత పట్టించుకునేవారు. విచ్చుకునే గుళ్లకు 1890ల్లో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారం పేరే పడింది. 1899 హేగ్ ప్రకటన వాటిని యుద్ధంలో వాడకుండా నిషేధించింది, వేటలో మాత్రం కొనసాగాయి. బరువు గ్రెయిన్లలో రాస్తారు. .375లో 235, 270, 300 గ్రెయిన్ల గుళ్లు ఉండేవి. 300 గ్రెయిన్లంటే దాదాపు 19.4 గ్రాములు. జంతువు పెద్దదయ్యే కొద్దీ గుండు బరువుదయ్యేది.

ఇదంతా తూటాని తిప్పి తిప్పి చూడమని కాదు. పైకి కనిపించినంత మేరకు కొలత, సంఖ్య, సాఫ్ట్ నోసా సాలిడా అన్నది కాగితం మీద రాసుకోండి, చాలు.

తోమొద్దు, ఎండబెట్టొద్దు

ఇత్తడి నల్లబడితే మనకు గుర్తొచ్చేది చింతపండు, లేదంటే బ్రాసో. రెండూ వద్దు. చింతపండు పులుపు, తడి ఇత్తడిని తినేస్తాయి, క్యాప్ అంచుల్లోకి దిగుతాయి. బ్రాసోలో అమ్మోనియా ఉంటుంది, తూటా ఇత్తడికి అమ్మోనియా ఎంత చెరుపో మన దేశంలోనే తెలిసింది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపు సాలల్లో దాచిన తూటాల ఇత్తడి దానంతటదే పగిలిపోయేది. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా, ఇత్తడిని సాగదీసినప్పుడు దానిలో మిగిలిపోయిన ఒత్తిడి, రెండూ కలిసి చేసిన పని అదని 1921లో తేల్చారు. మీ పెట్టెలోని తూటాల మెడ దగ్గర సన్నటి వెంట్రుకలాంటి గీత ఉందేమో చూడండి. ఉంటే అది పగులు. పచ్చటి చిలుము పట్టి ఉంటే దాన్ని గీకొద్దు.

పన్నెండు బోరు షాట్‌గన్ తూటాలు అట్టవైతే వానాకాలపు తేమకి ఉబ్బి ఉంటాయి, అవీ అంతే. మేడ మీద ఎండబెట్టడం, నూనె రాయడం, మూసీలో పారేయడం, చెత్తబండిలో వేయడం, మంటలో వేయడం, వీటిలో ఏ ఒక్కటీ చేయొద్దు.

'మళ్లీ నింపించుకుందాం' అంటే

ఎవరో ఒక మామయ్య అంటారు, గుళ్లు బాగానే ఉన్నాయి కదా, కొత్త మందు వేయించుకుంటే సరి అని. వేట చట్టబద్ధమైన అమెరికాలోనో దక్షిణాఫ్రికాలోనో పాత గుండుని తీసి కొత్త ఇత్తడిలో నింపుకునేవాళ్లున్న మాట నిజమే. అక్కడ కూడా తెలిసినవాళ్లు పాత ఇత్తడిని, పాత క్యాప్‌ని వాడరు. కారణాలున్నాయి. పాత క్యాపుల్లో పాదరసపు మందు ఉండేది, ఒక్కసారి పేలితే ఆ పాదరసం ఇత్తడిలోకి దిగి దాన్ని పెళుసుగా మార్చేస్తుంది. పైగా ఇంగ్లిష్ తూటాల్లో ఉండేది కార్డైట్ అనే మందు, సేమ్యాలా పొడవాటి పుల్లలు. మెడ సన్నగా ఉండే తూటాల్లో ఫ్యాక్టరీలో ముందు పుల్లలు పెట్టి, తర్వాత మెడ నొక్కేవారు. ఇంట్లో విప్పి కట్టే వ్యవహారం కాదది. ఇంకో ప్రమాదం, .450 మూడుంపావు అంగుళాల గొట్టంలో నల్ల తుపాకీమందు కాలం తూటా, ఆ తర్వాతి నైట్రో (మరింత బలమైన, పొగలేని మందు) తూటా ఒకే కొలతలో వచ్చాయి. నల్ల తుపాకీమందుకు చేసిన పాత తుపాకీ నాళంలో నైట్రో తూటా పెడితే నాళం మొహం మీదే పగలొచ్చు.

మన దగ్గర అసలు ప్రశ్నే వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది. లైసెన్సు లేకుండా తూటా తయారు చేస్తే ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష. తూటా భాగాలూ చట్టంలోని నిర్వచనంలో ఉన్నాయి, కాబట్టి ఖాళీ గొట్టాలని ఫ్లవర్‌వాజ్‌లో పెట్టుకునే ముందు ఠాణాలో అడగండి.

కాగితాలు వెతికి, ఠాణాకి ఫోన్ చేయండి

అదే పెట్టెలోనో, బీరువా లాకర్‌లోనో పాత లైసెన్సు పుస్తకం ఉంటుంది. అందులో తుపాకీ నంబరు, అనుమతించిన తూటాల సంఖ్య రాసి ఉంటాయి. దొరికితే సగం పని అయినట్టే. మరణ ధ్రువపత్రం, మీ ఆధార్ పక్కన పెట్టుకోండి.

తూటాల్ని సంచిలో వేసుకుని మెట్రో ఎక్కడం, స్కూటర్ డిక్కీలో పెట్టుకుని బయల్దేరడం చేయొద్దు. దారిలో తనిఖీ అయితే మీ మంచి ఉద్దేశం ఆ కానిస్టేబుల్‌కి కనబడదు. ముందు మీ పరిధిలోని ఠాణాకి ఫోన్ చేసి విషయం చెప్పండి, ఇంటికి మనిషిని పంపమని అడగండి. భయంగా ఉంటే తెలిసిన వకీలుని వెంట పెట్టుకోండి. ఒక పేజీ అర్జీ రాయండి: ఎవరి పెట్టె, ఎప్పుడు, ఎలా బయటపడింది, ఏ కొలత తూటాలు ఎన్ని, స్వచ్ఛందంగా అప్పగిస్తున్నాను అని. చట్టంలోని 21వ సెక్షన్ ఇందుకే ఉంది, 'అనవసరమైన ఆలస్యం లేకుండా' ఠాణాలోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో డిపాజిట్ చేయాలంటుంది. సంఖ్య, కొలత రాసిన రసీదు, దాని మీద సంతకం, ముద్ర లేకుండా పెట్టె ఇవ్వకండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

రైఫిల్ మీకే కావాలంటే

డిపాజిట్ చేస్తే పోయినట్టు కాదు. లైసెన్సుదారు చనిపోతే వారసులు దరఖాస్తు చేసుకునే వీలు 2016 ఆయుధాల నియమాల్లో ఉంది. హైదరాబాద్‌లో దరఖాస్తు పోలీస్ కమిషనరేట్‌కి. ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి, మిగతా వారసుల నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. అన్నదమ్ముల మధ్య పనులు ఆగేది చాలాసార్లు ఇక్కడే. మామూలుగా ఒక మనిషికి రెండు తుపాకులు మించకూడదు, వారసత్వంగా వచ్చినవీ ఆ లెక్కలోనే. బాగుచేసినా పేలని పురాతన తుపాకీకి 45వ సెక్షన్ కింద మినహాయింపు ఉంది, కానీ అది పేలదని తేల్చాల్సింది మీరు కాదు.

అదే పెట్టెలో పులిగోరు ఉంటే

ఉంటుంది కూడా, లాకెట్‌గానో, కొమ్ముల జతతో పాటో. అది ఠాణా వ్యవహారం కాదు, సైఫాబాద్ అరణ్య భవన్‌లోని అటవీ శాఖది. 2022 సవరణ తర్వాత వన్యప్రాణి చట్టంలోని 42ఏ సెక్షన్ కింద, యాజమాన్య ధ్రువపత్రం ఉన్నవాళ్లు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కి స్వచ్ఛందంగా అప్పగించొచ్చు. పరిహారం రాదు.

పెట్టె వెళ్లిపోయాక షికారు కోటు జేబులు, తోలు బెల్టు గూళ్లు, పాత సూట్‌కేసు లోపలి అరలు మరోసారి తడమండి. ఎక్కడో జారిపడిన ఒక్క తూటా ఉన్న సూట్‌కేసుతో శంషాబాద్ వెళ్తే, అది ఎక్స్‌రే మెషిన్‌లో కనబడాక ఆ రోజు విమానం మీకోసం ఆగదు.