దెబ్బతిన్న పాత డకోటా మోడల్ విమానాన్ని బాగుచేసుకోవడం ఎలా?

నిజాం ప్రభుత్వమూ టాటా విమాన సంస్థా భాగస్వాములుగా 1945లో బేగంపేట కేంద్రంగా మొదలైన దక్కన్ ఎయిర్‌వేస్ నడిపినవి ప్రధానంగా రెండు ఇంజన్ల డకోటా రవాణా విమానాలే. 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో మన సైనికులను దించినవీ అవే. అందువల్ల మన ప్రాంతంలో పాత విమానాల మోడళ్లు కట్టుకునేవారికి డకోటా అంటే ప్రత్యేకమైన అభిమానం ఉండడం సహజం. ఏళ్ల క్రితం ఇష్టంగా కట్టిన అలాంటి మోడల్ సజ్జ మీది నుంచి కిందపడి రెక్క విరిగిందనో, ప్రొపెల్లర్ ఊడిందనో పారేయనవసరం లేదు. ఓపికగా వరుస తప్పకుండా చేస్తే ఇంట్లోనే చక్కగా బాగుచేసుకోవచ్చు. అయితే ఈ పనిలో మొదటి నుంచి చివరి దాకా ఒక నియమం పాటించాలని నా గట్టి అభిప్రాయం. విరిగిన చోట మాత్రమే చేయి పెట్టాలి. మొదట కట్టినవారు వేసిన రంగునూ గుర్తులనూ వీలైనంతవరకు అలాగే ఉంచాలి. మొత్తం గీకేసి కొత్తగా రంగు వేస్తే మోడల్ మెరుస్తుంది గానీ, దాన్ని కట్టినవారి చేతిపని మాత్రం పోతుంది.

ఇక్కడ చెప్పే పద్ధతి 1/72 స్కేల్, అంటే అసలు విమానంలో 72వ వంతు కొలతల, ప్లాస్టిక్ డకోటాను దృష్టిలో పెట్టుకొని రాసినది. అసలు విమానం రెక్కల పొడవు ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు 29 మీటర్లు కాబట్టి, ఈ స్కేల్‌లో మోడల్ రెక్కలు సుమారు 40 సెంటీమీటర్లు ఉంటాయి. టైగర్ మాత్ వంటి ఇతర విమానాల ప్లాస్టిక్ మోడళ్లకూ ఇదే వరుస పనికివస్తుంది.

పని మొదలుపెట్టే ముందు

ముందుగా మోడల్‌ను తెల్లని గుడ్డ మీద పెట్టి, అన్ని వైపుల నుంచీ పగటి వెలుతురులో ఫోటోలు తీయాలి. విరిగిన ముక్క ఎంత చిన్నదైనా మూత ఉన్న డబ్బాలో దాచాలి. ప్రొపెల్లర్ రెక్క కొన, చక్రం మూత, యాంటెనా పుల్ల వంటివి మోడల్ పడిన చోట గోడ మూలల్లోనూ బీరువా కిందా దొరుకుతుంటాయి కాబట్టి, ఆ గదిని ఊడ్చే ముందే వెతకడం మంచిది.

తర్వాత మోడల్ ఏ పదార్థంతో చేసినదో తెలుసుకోవాలి. చక్రాలు ముడుచుకునే గుంట లోపల, బయటికి కనిపించని చోట, ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే పలుచని జిగురును, అంటే ప్లాస్టిక్ సిమెంట్‌ను, బ్రష్ కొనతో ఒక చుక్క అంటించి చూడాలి. ఆ చోటు మెత్తబడి జిగటగా మారితే అది పాలీస్టైరిన్ అనే మామూలు మోడల్ ప్లాస్టిక్. మారకపోతే రెజిన్ కావచ్చు. అప్పుడు ప్లాస్టిక్ సిమెంట్ పనిచేయదు, సూపర్ గ్లూ గానీ రెండు ట్యూబుల ఎపాక్సీ గానీ వాడాలి.

పనిముట్ల కోసం హైదరాబాద్ దాకా వెళ్లనవసరం లేదు. సన్నని ఆకురాళ్లు, అర మిల్లీమీటరు నుంచి మొదలయ్యే డ్రిల్ బిట్లు అవుసలివారి సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. సన్నమొన ట్వీజర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మొబైల్ రిపేరు చేసేవారు రోజూ వాడేవే. 600 నుంచి 2000 నంబరు దాకా వాటర్ పేపర్, మాస్కింగ్ టేపు కార్లకు రంగులు వేసే షెడ్లకు సామాను ఇచ్చే దుకాణాల్లో ఉంటాయి. జిగురు చుక్కను సరైన చోట వదలడానికి మెడికల్ షాపులో దొరికే ఇన్సులిన్ సిరంజీ చాలు. ప్లాస్టిక్ సిమెంటు, గుర్తుల స్టిక్కర్లకు వాడే డెకాల్ ద్రవాలు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవలసి రావచ్చు. రంగుల దుకాణంలో ఇచ్చే ఎన్‌సీ థిన్నర్‌ను, గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌ను ఈ మోడల్ దగ్గరికి రానివ్వకూడదు, ఎందుకంటే రెండూ పాలీస్టైరిన్‌ను కరిగించేస్తాయి.

దుమ్ము వదిలించడం

మెత్తని మేకప్ బ్రష్‌తో పొడి దుమ్ము దులిపిన తర్వాత, ఒక చుక్క షాంపూ కలిపిన గోరువెచ్చని నీటిలో ముంచి పిండిన దూదిపుల్లతో కొద్దికొద్దిగా తుడవాలి. గుర్తుల స్టిక్కర్లు, అంటే డెకాల్స్, ఉన్నచోట రుద్దకుండా అద్దాలి. ఇక్కడ నీటి విషయంలో జాగ్రత్త అవసరం. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి, ఆ నీరు ఆరిన చోట తెల్లని మరక మిగులుతుంది. వెండి రంగు మీద అది స్పష్టంగా కనిపిస్తుంది. తుడవడానికైనా, తర్వాత డెకాల్స్ నానబెట్టడానికైనా బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడడమే మేలు.

రెక్క అతికించడం

ఈ పని మొత్తంలో కష్టమైనదీ, తొందర పనికిరానిదీ ఇదే. ముందుగా, ఇంతకుముందు ఎవరైనా సూపర్ గ్లూతో అతికించిన గుర్తులుంటే ఆ జిగురును తీసేయాలి. ఆ భాగాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి కొన్ని గంటలు ఫ్రీజర్‌లో పెడితే జిగురు పెళుసుబారుతుంది; అప్పుడు మెల్లగా మెలితిప్పితే అతుకు విడిపోతుంది. రెండు అంచుల మీద మిగిలిన పాత జిగురునూ రంగునూ బ్లేడుతో గీకి, అసలు ప్లాస్టిక్ కనిపించేలా చేయాలి. ప్లాస్టిక్ సిమెంట్ రెండు అంచులనూ కొంచెం కరిగించి ఒకటిగా చేస్తుంది కాబట్టి, మధ్యలో రంగు పొర ఉంటే అతుకు నిలవదు.

రేకుల కప్పు కింది సజ్జ మీద ఏళ్ల తరబడి ఎండ వేడిని భరించిన మోడళ్ల రెక్కలు కొన్నిసార్లు వంగిపోయి ఉంటాయి. అలాంటి రెక్కను చేయి పెట్టగలిగినదానికన్నా కొంచెం ఎక్కువ వేడి ఉన్న నీటిలో నిమిషం పాటు ముంచి, చదునుగా సరిచేసి పట్టుకొని, వెంటనే చల్లని నీటిలో పెట్టాలి. ఒకేసారి సరికాకపోతే మళ్లీ చేయవచ్చు గానీ, మరుగుతున్న నీళ్లు మాత్రం వాడకూడదు.

అతుకు బలంగా ఉండాలంటే లోపల తీగ వేయాలి. విరిగిన ఒక అంచు మీద, రెక్క మందంగా ఉన్న చోట పెన్సిల్‌తో రెండు చుక్కలు పెట్టి, చేతి డ్రిల్‌తో 0.8 మిల్లీమీటర్ల రంధ్రాలు ఒక సెంటీమీటరు లోతుకు చేయాలి. ఆ రంధ్రాల్లో తీగ ముక్కలు పెట్టి, వాటి కొనలకు కొంచెం రంగు పూసి, రెండో భాగాన్ని సరైన స్థానంలో ఆనిస్తే, అక్కడ ఎక్కడ రంధ్రం చేయాలో ఆ రంగు చుక్కలే చూపిస్తాయి. తీగగా కాగితాల క్లిప్పు నిటారుగా చేసి తుంచిన ముక్క చక్కగా పనికివస్తుంది; అది పట్టకపోతే రంధ్రాన్ని కొంచెం వెడల్పు చేయాలి. రెక్క లోపల బోలుగా ఉంటే తీగ చుట్టూ ఎపాక్సీ నింపాలి.

జిగురు వేయకముందే ఒకసారి జోడించి కోణం చూడాలి. డకోటా రెక్కలో ఇంజన్లను మోసే మధ్యభాగం సమతలంగా ఉంటుంది; ఇంజన్లకు అవతలి భాగాలు మాత్రమే పైకి లేచి ఉంటాయి. విరగని రెక్క కొన బల్ల నుంచి ఎంత ఎత్తులో ఉందో స్కేలుతో కొలిచి, అతికించే రెక్క కొన కిందా అంతే ఎత్తుకు అట్టముక్కలు పేర్చాలి. ఆ తర్వాతే సిమెంటును సిరంజీతో అతుకులోకి వదిలి, టేపుతో బిగించి, 24 గంటలు కదపకుండా ఉంచాలి.

డకోటా గురించి తెలిసినవారికి మాత్రమే తెలిసే వెసులుబాటు ఒకటి ఇక్కడ ఉంది. అసలు విమానంలో బయటి రెక్కలను ఇంజన్లకు అవతల బోల్టులతో మధ్యభాగానికి బిగిస్తారు. ఆ అతుకు మీద సన్నని పట్టీ బయటికే కనిపిస్తుంది. 1941లో చైనాలో బాంబు దాడిలో ఒక రెక్క దెబ్బతిన్న డీసీ-3కి (డకోటాకు మూలమైన ప్రయాణికుల విమానం), దానికన్నా పొట్టిదైన, అంతకుముందటి మోడల్ డీసీ-2 రెక్కను బిగించి ఎగిరించగలిగారంటే ఈ బోల్టుల ఏర్పాటే కారణం. కాబట్టి మీ మోడల్ సరిగ్గా ఆ గీత దగ్గరే విరిగి ఉంటే అతుకును పుట్టీతో పూర్తిగా కప్పేయకండి, పట్టీ గీతను నిలుపుకోండి. వేరే చోట విరిగితేనే పుట్టీ పలుచగా పూసి, ఆరాక 600తో మొదలుపెట్టి 2000 దాకా నీటితో రుద్ది, చెరిగిపోయిన ప్యానెల్ గీతలను (రేకుల అతుకులను చూపే సన్నని గీతలను) గట్టి టేపు అంచు ఆసరాగా సూదితో మళ్లీ గీయాలి.

ప్రొపెల్లర్, కిటికీలు

విరిగిన ప్రొపెల్లర్ రెక్క దొరికితే అతుకు లోపల అర మిల్లీమీటరు తీగ వేసి అతికించాలి. దొరకకపోతే పలుచని ప్లాస్టిక్ రేకు నుంచి, మిగిలిన రెండు రెక్కలను కొలతగా పెట్టుకొని కోసుకోవచ్చు. మెలిక దిశ తప్పకూడదు. పైలట్ కూర్చున్న చోటు నుంచి చూస్తే డకోటా ప్రొపెల్లర్లు రెండూ గడియారం ముళ్ల దిశలోనే తిరుగుతాయి. పక్కనున్న రెక్కలతో పోల్చి చూసుకుంటే మెలిక ఎటో తెలుస్తుంది.

కాక్‌పిట్ అద్దాల దగ్గర సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. అక్కడ ఫెవికాలే సరైనది, ఆరాక పారదర్శకంగా ఉంటుంది. ప్రయాణికుల వైపు కిటికీ అద్దం ఒకటి ఊడి పోయి ఉంటే, అగ్గిపుల్లతో కొంచెం ఫెవికాల్ తీసి కిటికీ చట్రం చుట్టూ తిప్పుతూ మధ్యలోకి పొరలా లాగవచ్చు. తెల్లగా కనిపించిన ఆ పొర ఒకటి రెండు రోజుల్లో అద్దంలా తేటపడుతుంది. గీతలు పడ్డ కాక్‌పిట్ అద్దాన్ని 2000 వాటర్ పేపర్‌తో సున్నితంగా రుద్ది, తెల్లని టూత్‌పేస్ట్‌తో మెరుగుపెట్టాలి.

రంగు, డెకాల్స్

వెండి రంగు కింద ఉన్న ఏ చిన్న గీతనూ దాచదు, పైగా ఎత్తిచూపుతుంది. అందుకే రుద్దిన చోట ముందు బూడిదరంగు ప్రైమర్ పలుచగా వేసి, వెలుతురును ఏటవాలుగా పడనిచ్చి పరీక్షించాలి. పాత వెండి రంగు కాలంతో కొంత పసుపుబారి ఉంటుంది కాబట్టి, కొత్త రంగులో కాస్త గోధుమరంగు కలిపి ముందుగా ప్లాస్టిక్ చెంచా వెనుక వేసి, ఆరాక పగటి వెలుతురులో రెక్క పక్కన పెట్టి చూడాలి. అసలు డకోటాలో తోక మీద కదిలే పలకలైన ఎలెవేటర్లు, రడ్డర్, రెక్కల వెనుక అంచున కదిలే ఎయిలరాన్లు గుడ్డ కప్పినవి. మిగిలినదంతా లోహపు రేకు. అందుకే ఆ భాగాలకు మెరుపు తక్కువైన వెండి రంగు వేయడమే నిజానికి దగ్గరగా ఉంటుంది.

స్ప్రే చేసేవారు కాలాన్ని గమనించాలి. మే నెల మధ్యాహ్నం వేస్తే రంగు గాలిలోనే ఆరి, మోడల్ మీద గరుకుగా పడుతుంది. వానాకాలపు తేమలో లక్కర్ రకం రంగులు తెల్లగా మసకబారుతాయి. ఎండ ముదరకముందు, తేమ లేని ఉదయం పూట, కిటికీలు తెరిచి, మాస్క్ పెట్టుకొని, పొయ్యికీ దీపానికీ దూరంగా ఈ పని చేయాలి.

డెకాల్ ఊడిన చోట కొత్తది వేయాలంటే ముందు నున్నటి క్లియర్ వార్నిష్ పూయాలి. గరుకు మీద వేస్తే కింద గాలి చిక్కి, అంచుల్లో వెండిలా మెరుస్తూ కనిపిస్తుంది. పాత కిట్‌లో పసుపుబారిన డెకాల్ షీటును కొన్ని రోజులు ఎండ తగిలే కిటికీ అద్దానికి అతికిస్తే పసుపు చాలావరకు తగ్గుతుంది. దాన్ని వాడే ముందు పనికిరాని ఒక గుర్తును నీటిలో వేసి చూడాలి. అది ముక్కలైపోతే మొత్తం షీటు మీద క్లియర్ వార్నిష్ ఒక పొర వేసి, ఆరిన తర్వాత ఒక్కొక్క గుర్తునూ అంచు వెంట కత్తిరించుకోవాలి.

చివరగా యాంటెనా తీగలకు సన్నని నైలాన్ దారం బిగించాలి. పూర్తయిన మోడల్‌ను రేకుల గదిలోనూ, ఎండ పడే కిటికీ దగ్గరా కాకుండా, అద్దం తలుపు ఉన్న అలమరలో కింది అరలో పెట్టాలి. ఏ భాగం పాతది, ఏది కొత్తగా చేసింది, ఏ రంగు ఏ పాళ్లలో కలిపింది అన్నది ఒక కాగితం మీద రాసి, వాడకుండా మిగిలిన అసలు ముక్కలతో పాటు చిన్న డబ్బాలో వేసి మోడల్ పక్కనే ఉంచాలి. తర్వాత దాన్ని ఎవరు బాగుచేయవలసి వచ్చినా ముందుగా అవసరపడేది ఆ కాగితమే.