జబ్బుపడ్డవారికి వాట్సాప్‌లో బైబిల్ వాక్యం పంపే ముందు

సంఘం గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఊరుకోకండి. ఫోన్ చేసి, మాట్లాడే ఓపిక ఉందా అని ముందు అడగండి. డయాలిసిస్ చేయించుకునేవారైతే ఆ నాలుగు గంటలూ ఎటూ కదలలేరు. ఒక చేతికి సూదులు, రెండో చేతిలో ఫోను, పక్కన యంత్రం చప్పుడు. దగ్గరలో ఉంటే వెళ్లి కూర్చోండి. బైబిల్లో, అన్నీ పోగొట్టుకుని జబ్బుపడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు నోరు మెదపకుండా నేల మీద కూర్చున్నారు; నోరు విప్పాకే వ్యవహారం చెడింది.

‘దేవుని ప్రణాళిక’ అనే మాట ఎత్తకండి. అది వింటే నాకే ఒళ్లు మండుతుంది, నొప్పితో ఉన్నవారి సంగతి చెప్పాలా? 13వ కీర్తన చదవండి. ఆరే వచనాలు. ఎంతకాలం, ఎంతకాలం అని దావీదు దేవుణ్ణే నిలదీస్తాడు. మరీ కుంగిపోయినవారికి 88వ కీర్తన. అది చీకటి దగ్గరే ముగుస్తుంది. ఓదార్పు కలుపుదామని వెంటనే ‘యెహోవా నా కాపరి’ అనే 23వ కీర్తనకి దూకకండి.

ఇలా చదివితే ఆశ పోతుందేమోనని కొందరు పెద్దలు కంగారుపడతారు. 1945లో బ్రిటిష్ సైన్యానికి చిక్కిన జర్మన్ యువకుడు యూర్గెన్ మోల్ట్‌మన్‌ను ఖైదీల శిబిరంలో కదిలించినవి ఇలాంటి విలాప కీర్తనలే. 1964లో ఆశ మీద పెద్ద వేదాంత గ్రంథం రాసింది ఆయనే.

వాయిస్ మెసేజ్‌లో ప్రార్థిస్తే నిమిషం దాటనివ్వకండి. కృత్రిమ మేధతో రాయించింది అసలు వద్దు. తడబడినా మీ మాటలే చాలు. ఫోన్ పెట్టేసే ముందు, ఈసారి ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తున్నారో కనుక్కోండి.