కుక్కర్ పెడితే కరెంటు పోతోందా? ఎప్పుడు పోతోందో ముందు చూడండి

బియ్యం కడిగి, ఎసరు కొలిచి పోసి, రైస్ కుక్కర్ మీట కిందికి నొక్కాం. కాసేపు బాగానే ఉంది. తర్వాత డీబీ బాక్సులో, అంటే ఇంటి మెయిన్ స్విచ్‌లుండే పెట్టెలో, టప్‌మని శబ్దం, ఫ్యాన్ ఆగింది, ఫ్రిజ్ ఆగింది, వైఫై పోయింది. స్విచ్ పైకి ఎత్తితే నిలబడింది, కుక్కర్ వేస్తే మళ్ళీ పడింది. మా ఇంట్లో ఈ తంతు నాలుగు రోజులు నడిచింది, ఆ నాలుగు రోజులూ అందరం ఆ స్విచ్‌నే తిట్టుకున్నాం.

మీకూ ఇదే జరుగుతుంటే ముందు పడింది ఏ స్విచ్చో చూడండి. సన్నగా, వరసగా ఉండేవి ఎంసీబీలు. వెడల్పుగా ఉండి, మీద టీ అక్షరంతో చిన్న బటన్ ఉండేది ఆర్‌సీసీబీ, మన ఎలక్ట్రీషియన్లు చాలామంది ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే అంటారు. ఎంసీబీ పడితే లోడు ఎక్కువైనట్టు, లేదా షార్ట్ అయినట్టు. 700 వాట్ల కుక్కర్ 230 వోల్టుల మీద లాగేది 3 ఆంపియర్ల పైచిలుకే కాబట్టి అదొక్కటే లోడు ఎక్కువ చేయడం దాదాపు జరగదు. ఆర్‌సీసీబీ లెక్క వేరు. ఎంత కరెంటు వాడుతున్నారన్నది దానికి అనవసరం, ఫేజ్‌లో వెళ్ళినదంతా న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అన్నదే చూస్తుంది. తగ్గిందంటే ఆ తగ్గింది సాధారణంగా ఎర్త్ వైర్లోంచో, మనిషి ఒంట్లోంచో నేలలోకి పోతున్నట్టే. ఇళ్ళలో సాధారణంగా పెట్టేవి 30 మిల్లీ ఆంపియర్లవి. తేడా 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు, 30కి చేరితే పడి తీరాలి.

మేం చేసిన పొరపాటు ఏంటంటే, కుక్కర్‌ని ఊరికి పట్టుకెళ్ళి అమ్మ వాళ్ళింట్లో పెట్టి చూశాం. అన్నం చక్కగా ఉడికింది, ఏదీ పడలేదు. ఇంకేం, కుక్కర్ బాగుంది, మన ఫ్లాట్‌లో స్విచ్చే పాడైందని తేల్చేశాం. సాయంత్రం అమ్మ తడి చేత్తో మూత తీస్తూ "చేతికి చిమచిమలాడుతోందిరా" అనేదాకా వెలగలేదు. ఆ పాత ఇంట్లో ఆర్‌సీసీబీ లేదు, వంటింటి ప్లగ్గుకి ఎర్త్ కూడా లేదు, పడటానికి అక్కడ ఏముందని పడుతుంది! కాబట్టి వేరే ఇంట్లో పనిచేసింది అన్న మాటని సాక్ష్యంగా తీసుకోకండి.

అసలు ఆధారం ఎక్కడుందంటే, స్విచ్ సరిగ్గా ఏ క్షణంలో పడుతోందన్న దాంట్లో. ఒకటి రెండుసార్లు చూస్తే చాలు, పదిసార్లు ఎత్తి వేయక్కర్లేదు. ప్లగ్ పెట్టి, గోడ స్విచ్ ఇంకా వేయకముందే పడిందంటే కుక్కర్లో న్యూట్రల్ వైపు ఎర్త్‌కి తగులుతోందని అనుమానించాలి, ఎందుకంటే గోడ స్విచ్ ఆపేది ఫేజ్‌ని మాత్రమే, న్యూట్రల్ ఎప్పుడూ కలిసే ఉంటుంది. స్విచ్ వేయగానే పడితే లోపల తీగ ఒరుసుకుపోయి బాడీకి తగిలిందో, అడుగున నీళ్ళు చేరాయో చూడాలి. రెండు మూడు నిమిషాలు నడిచి, ప్లేటు వేడెక్కాక పడితే హీటర్ మీద అనుమానం. ఎసరు పొంగిన సమయానికే పడుతుంటే గంజి లోపలికి దిగుతోంది. అన్నం అయిపోయి, టక్‌మని మీట పైకి లేచి, వార్మ్‌లోకి వెళ్ళాక పడితే మాత్రం పెద్ద ప్లేటును వదిలేసి ముందు వార్మింగ్ హీటర్‌ని, దాని తీగల్ని చూడండి.

విప్పేముందు ఇంటివైపు తప్పు లేదని తేల్చుకోవాలి. అదే ప్లగ్గులో ఇస్త్రీపెట్టె పెట్టండి. అది పెట్టినా పడుతోందంటే కుక్కర్ పాపం ఏమీ చేయలేదు, ఆ పాయింట్ వైరింగులో లోపం ఉంది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో ఇన్వర్టర్ న్యూట్రల్‌ని, మెయిన్ న్యూట్రల్‌ని కలిపేస్తుంటారు, అప్పుడు ఎక్కువ కరెంటు లాగే ఏ వస్తువు పెట్టినా ఆర్‌సీసీబీకి లెక్క తప్పుతుంది. ఇక్కడ ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే. ఇస్త్రీపెట్టెకి పడకుండా కుక్కర్‌కే పడితే ఇంకో పని చేయండి: గీజర్, వాషింగ్ మెషీన్, కంప్యూటర్, అన్నీ ప్లగ్ తీసేసి కుక్కర్ ఒక్కటే వేయండి. ఇప్పుడు నిలబడిందంటే తలా కొంచెం లీక్ అవుతూ అందరిదీ కలిసి గీత దాటుతోంది, ఒక్కొక్కటే మళ్ళీ పెడుతూ పోతే ఎక్కువ కారుస్తున్నదెవరో దొరుకుతుంది. మా అనుభవంలో గీజర్ మీద ముందు అనుమానపడటం తప్పేం కాదు.

చాలా కుక్కర్లకి వైరు ఊడొస్తుంది. కుక్కర్ లేకుండా ఒట్టి వైరు ప్లగ్గులో పెట్టి స్విచ్ వేయండి, ఆ రెండో కొసని ఎవరూ ముట్టుకోకుండా చూసుకోండి. దానికే పడితే వైరు మార్చేస్తే సరి.

అన్నీ అయ్యాక కుక్కర్ వంతు. ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారనిచ్చి, గిన్నె బయటికి తీసి, బోర్లించండి. ఈ పని అలవాటు లేకపోతే ఇక్కడే ఆగి రిపేరు షాపుకి ఇచ్చేయండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. అడుగు మూత స్క్రూలు తీశాక, ఏ వైరూ పీకకముందే ఫోన్లో ఫొటో తీసుకోండి, ఇది మర్చిపోయి నేనొకసారి అర్ధగంట తల పట్టుకున్నాను. మాది విప్పితే కనిపించింది ఇదీ: ప్లేటు మధ్యలో, గిన్నె అడుగుని తాకే ఆ స్ప్రింగు బిళ్ళ చుట్టూ ఉన్న సందులోంచి గంజి చారలు కారి, హీటర్ కొస దగ్గర పసుపుపచ్చగా, అప్పడంలా ఎండిపోయి ఉంది. దాని పక్కన వైరు మీది తెల్లటి గుడ్డ గొట్టం నల్లబడి పెళుసెక్కింది. రెండు బొద్దింకలు కూడా, అవి ఎప్పటివో. ఎండిన గంజి పొడిగా ఉన్నంతసేపూ పెద్దగా ఏం చేయదు, కింద ఆవిరి తగిలి మెత్తబడగానే కరెంటుకి దారి ఇస్తుంది. అందుకే మా స్విచ్ వేసిన వెంటనే పడకుండా కాస్త ఆగి పడేది.

ఆ గంజి ఎలా దిగిందని అడగండి. సగం పొంగు, సగం మన అలవాటు. కుక్కర్ గిన్నెలోనే బియ్యం కడిగి, బయట తుడవకుండా అలాగే లోపల దించుతాం, అడుగున అంటుకున్న నీళ్ళు ఆ మధ్య సందులోంచి నేరుగా వైర్ల మీదికే పోతాయి. మా ఇంట్లో రోజుకి రెండుసార్లు, ఎన్నేళ్ళ నుంచో!

మల్టీమీటర్ ఉంటే కుక్కర్ వెనక మూడు పిన్నుల దగ్గర చూడండి. గిన్నె పెట్టి, మీట నొక్కి, ఓమ్స్‌లో పెద్ద రేంజ్ పెట్టి ఒక కొస ఎర్త్ పిన్నుకి, ఇంకోటి ఫేజ్‌కి, తర్వాత న్యూట్రల్‌కి. రెండుసార్లూ మీటర్ ఏమీ చూపించకూడదు, అంటే ఖాళీగా పెట్టినప్పుడు ఎలా ఉంటుందో అలాగే. కొన్ని వేల ఓమ్స్ చూపిస్తే లీకు దొరికినట్టే. ఎర్త్ పిన్నుకీ ప్లేటుకీ మధ్య మాత్రం దాదాపు సున్నా రావాలి, రాకపోతే బాడీకి ఎర్త్ అందట్లేదు, అది ఇంకా ప్రమాదం. ఫేజ్, న్యూట్రల్ మధ్య 700 వాట్ల హీటర్‌కి 75 ఓమ్స్ అటూ ఇటూగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు అంతా శుభ్రంగా కనిపించి, నడిచేటప్పుడు మాత్రం పడుతుంటే, పడిన వెంటనే ప్లగ్ తీసి వేడి మీదే ఇంకోసారి కొలవండి. అప్పటికీ దొరక్కపోతే మెగ్గర్ అనే, ఎక్కువ వోల్టేజి పెట్టి లీకు కొలిచే మీటర్ కావాలి, మల్టీమీటర్ బ్యాటరీ వోల్టేజికి బయటపడనిది 500 వోల్టులకి బయటపడుతుంది.

హీటర్ కొసల నుంచి వైర్లు విప్పేసి, కొసకీ ప్లేటుకీ మధ్య కొలిస్తే తప్పు హీటర్‌దా, మిగతా వైరింగుదా తేలిపోతుంది. హీటర్ గొట్టం లోపల తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది, అది తేమ పీల్చుకుంటుంది. చాలాకాలం వాడకుండా అటక మీద పెట్టి వానాకాలంలో దించిన కుక్కర్లు పడేది ఎక్కువగా ఇందుకే. విప్పి రెండు రోజులు మంచి ఎండలో పెట్టి మళ్ళీ కొలవండి. రీడింగ్ పోతే అదృష్టం, పోకపోతే ప్లేటు పగిలిందో, సీలు పోయిందో, మార్చడమే. చిన్న కుక్కర్ అయితే ప్లేటు, కూలీ కలిపి అడిగి చూసి, కొత్తదాని ధరతో పోల్చుకోండి.

మా దగ్గరికి వచ్చిన ఒకాయన "డైరెక్ట్ చేసేస్తా సార్, ఇక పడదు" అన్నాడు, అంటే ఆర్‌సీసీబీని తప్పించి వైర్లు నేరుగా కలిపేస్తాడట. నిజమే, పడదు. ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టినా, రెండు పిన్నుల ప్లగ్ తగిలించినా కూడా పడదు, ఎవరో తడి చేత్తో ముట్టుకునేదాకా. ఈ మూడూ చేయొద్దు. ఆర్‌సీసీబీ మీదే మీకు అనుమానం ఉంటే ఆ టీ బటన్ నొక్కండి, వెంటనే పడాలి, పడకపోతే అది మార్చాల్సిందే. కుక్కర్, మిగతా వస్తువులు అన్నీ తీసేసినా ఊరికే పడుతుంటే దాన్నీ ఇంటి వైరింగునీ ఎలక్ట్రీషియన్‌కి చూపించాలి.

మేం గంజి గీకి, తడిగుడ్డతో తుడిచి, ఎండబెట్టి, నల్లబడిన వైరుకి వేడికి తట్టుకునే కొత్త గొట్టం వేయించాం. మళ్ళీ బిగించాక నేరుగా బియ్యం వేయలేదు. రెండు గ్లాసుల నీళ్ళు పోసి, కాళ్ళకి రబ్బరు చెప్పులు వేసుకుని, స్విచ్ వేసి దూరంగా నిలబడ్డాం. నీళ్ళు మరిగి ఇగిరాయి, టక్‌మంది, వార్మ్‌లో అర్ధగంట ఉంచాం, ఏదీ పడలేదు. మర్నాడు అన్నం. కుక్కర్ పక్కనే మేకుకి ఒక పాత తువ్వాలు ముక్క వేలాడుతోంది ఇప్పుడు, గిన్నె దించేముందు అడుగు తుడవడానికి.