బాత్‌టబ్ ఓవర్‌ఫ్లో మూత స్క్రూ విరిగితే

హైదరాబాద్‌లో బోరు నీళ్లు వాడే ఇళ్లలో బాత్‌టబ్ ఓవర్‌ఫ్లో మూత (టబ్ నిండితే ఎక్కువైన నీరు పోయే పై కన్నం మీది మూత) స్క్రూ తుప్పు పట్టి, తిప్పగానే తల ఊడి రావడం మామూలే. పని మొదలుపెట్టే ముందు టబ్ అడుగు కన్నంలో గుడ్డ కుక్కండి. ముక్క అందులో పడితే తీయడం అసలు పనికన్నా పెద్ద తలనొప్పి.

మూత తీశాక మిగిలిన స్క్రూ కాడ బయటికి కనిపిస్తుంటే డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టి, ఓ అరగంట ఆగి, వైస్ గ్రిప్‌తో (పట్టు వదలకుండా లాక్ అయ్యే పటకారు) బిగించి పట్టి ఎడమవైపుకు తిప్పండి. ఒక్క ఊపున కాదు, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదిలిస్తూ. పట్టు దొరకనంత పొట్టిగా ఉంటే హ్యాక్సా బ్లేడుతో దాని నెత్తిన గాడి కోసి స్క్రూడ్రైవర్ పెట్టండి. యాసిడ్ జోలికి మాత్రం పోవద్దు, మూత మీది క్రోమ్ పూత పాడవుతుంది.

ఓవర్‌ఫ్లో కన్నం వెనకున్న రబ్బరు వాషరు పక్కకు జరిగిందేమో వేలితో తడిమి చూడండి. జరిగితే టబ్ వెనక నీరు కారుతుంది, ఆ సంగతి వెంటనే తెలియదు కూడా. కొత్త స్క్రూ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుదే కొనండి. పాత ముక్క పట్టుకుని రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాలకు వెళితే మరలు సరిచూసి ఇస్తారు.